మెడ మలుపులో ఆగిన గొట్టం

పొద్దున ఎనిమిదైంది, సన్నగా తుంపర. అనగనగా అంటే ఎప్పటిదో కాదర్రా, మొన్నటి ముసురప్పటిదే. ఒక ఊళ్ళో పానకాలయ్య అని ఒక మావగారు, సుభద్ర అని ఆయన కోడలు. ఫలహారం తింటూ తింటూ మావగారి చేతిలో చెంచా జారింది. మూతి ఓ పక్కకు లాగింది. కుడిచెయ్యి వాలిపోయింది. మాట పోయింది. ఊ కొడుతున్నారా?

ఎప్పుడు మొదలైందో డాక్టరుకు చెప్పాలని కోడలు గోడ గడియారం చూసి పెట్టుకుంది. మొగుడు ఆటో తెచ్చాడు. అత్తగారు కోటమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. వర్జ్యం ఉందట, చెడు ఘడియలట, తొమ్మిదిన్నరదాకా గడప దాటకూడదట.

సుభద్ర గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"అత్తయ్యా, మావయ్య ఆరింటికి పక్కింట్లో పేపరు చదివి, చెప్పులు అక్కడే మరిచి వచ్చారు. అప్పుడు వర్జ్యం లేదుగా?"

"లేదు."

"మరి ప్రస్థానం పెట్టినట్టేగా."

మంచి ఘడియలో మనిషి వస్తువొకటి పొరుగింట్లో పెడితే ప్రయాణం మొదలైనట్టే. అత్తగారు నేర్పిన ఆచారమే అది. "దీనికి నోరు లేదనుకున్నానే" అని గొణుక్కుంటూ ఆవిడ పక్కకు తప్పుకుంది.

తలలో రక్తనాళానికి మినపగింజంత నెత్తుటి గడ్డ అడ్డం పడిందని ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పింది. తియ్యకపోతే మాట రాదు, మనిషీ దక్కకపోవచ్చు. తొడ దగ్గర సన్నటి గొట్టం లోపలికి పంపింది. తొడ దాటింది, పొట్ట దాటింది, గుండె దాటింది, మెడ మలుపులో ఆగింది. ముసలాయన రక్తనాళాలు కదా, జంతికచుట్టలే. నెట్టింది, జారింది. మళ్ళీ నెట్టింది, మళ్ళీ జారింది. మూడోసారి నెట్టలేదు. దారి మారుస్తున్నానని బయటికి కబురు పంపింది.

బయట సుభద్ర తడిసిన కొంగు పిండుతూ కూర్చుంది. ఆరిపోయాక కూడా పిండుతూనే ఉంది.

ఈసారి గొట్టం మణికట్టు దాటింది, మోచెయ్యి దాటింది, భుజం దాటింది, మెడ మలుపు తిరిగింది. గడ్డను పట్టుకుని మెల్లగా, మెల్లగా వెనక్కొచ్చింది.

మర్నాడు నర్సమ్మ జావ పట్టించింది. మావగారు ఒక్కో మాటా ఏరుకుంటూ, "దీంట్లో... ఉప్పు... లేదు" అన్నాడు.

"మాటతో పాటు వంకలూ వచ్చాయి" అని అత్తగారు కళ్ళు తుడుచుకుంది.

వర్జ్యాలు పెళ్ళిళ్ళకు చూసుకోండి నాన్నా. మూతి వంకరపోయినా, చెయ్యి వాలినా, మాట పోయినా ఆస్పత్రి దారి చూడండి.

కథ కంచి దారి పట్టింది. వారానికి ఆటో ఇంటి ముందు ఆగింది. సుభద్ర ముందుగా దిగి, గడపలో నిలబడి లెక్కపెట్టుకుంది. అత్తయ్య, ఆయన, చేతికర్రతో మావయ్య. వెళ్ళింది నలుగురైతే ముగ్గురే వచ్చారేమని ఆటోలోకి తొంగి చూసింది. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టి, ఈసారి తననీ కలుపుకుంది. నలుగురు.