లాలిపాటలో పలకని షడ్జం

చయనులికి అన్నం సహించడం లేదు. గురువుగారు తప్పు పాడుతున్నారు. ఈ మాట ఎవరితో చెప్పుకోవాలి?

పేరిశాస్త్రిగారు వస్తుంటే పిఠాపురంలో హేమాహేమీలు కూడా కండువా సర్దుకుని లేచి నిలబడేవారు. శ్రుతి వెంట్రుకవాసి పక్కకు జరిగితే ఎంతటి శిష్యుడికైనా చెవి మెలిపెట్టే మనిషి. అలాంటాయన కచేరీ చివర పాడే లాలిపాటలో మాత్రం, పై షడ్జం పలకవలసిన చోట, ఒక్క మెట్టు కింద నిషాదం దగ్గరే ఆగిపోయేవారు. మిగతా కీర్తనల్లో అదే షడ్జం ఆయన గొంతులో ఖంగుమని మోగేది.

"పెద్దాయనకి మతిమరుపు వచ్చేసిందయ్యా" అని సభలో ముందువరసవాళ్లు నవ్వుకోవడం చయనులు చెవిన పడింది. ఒళ్లు మండిపోయింది. గురువుగారంటే అతనికి ప్రాణం మరి. పైగా, తనకు తెలిసిన సంగతి చెప్పకుండా ఉండలేని జబ్బు కూడా కాస్త ఉంది.

ఒకరోజు పొద్దున్న పాఠం అయ్యాక ధైర్యం చేశాడు.

"గురువుగారూ, మరోలా అనుకోకండి. లాలిలో, ఆ చరణం దగ్గర, షడ్జం రావాలి కదండీ..."

శాస్త్రిగారు కోప్పడలేదు.

"ఏదీ, రావలసినట్టు పాడు."

చయనులు పాడాడు. నిజం చెప్పుకోవాలి, అద్భుతంగా పాడాడు. షడ్జం మీద సుఖంగా నిలబడ్డాడు కూడా. వంటింట్లో శాస్త్రిగారి కూతురు భ్రమరాంబ మినప్పప్పు రుబ్బుతోంది. రోలు గరగరమంటూనే ఉంది.

"భేష్" అన్నారు శాస్త్రిగారు. తర్వాత తను అందుకున్నారు. నిషాదం దాకా వచ్చి, ఎప్పటిలాగే అక్కడ ఆగారు.

రోలు చప్పుడు ఆగిపోయింది.

భ్రమరాంబ పిండి చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె కళ్ల నిండా నీళ్లు.

"అమ్మకి ఉబ్బసం, తమ్ముడూ" అంది. "నన్ను నిద్రపుచ్చుతూ ఇదే పాడేది. అక్కడికొచ్చేసరికి పాపం ఊపిరి అందేది కాదు. అమ్మ గొంతులో ఆ పై స్వరం నేనెప్పుడూ వినలేదు."

చయనులికి తల ఎత్తబుద్ధి కాలేదు. ఇన్నేళ్లుగా నిండు సభలో అంతమంది నవ్వుతున్నా పట్టించుకోకుండా, తన గొంతులో ఉన్న స్వరాన్ని ఆపుకుంటూ వచ్చిన మనిషిని తలుచుకుంటే అతనికి గుండె నిండిపోయింది.

"నువ్వు పాడిందే సరైన పాఠంరా" అన్నారు శాస్త్రిగారు. "పిల్లలకి అదే చెప్పు."

"మరి మీరండీ?"

"నేను ఆవిడ దగ్గర నేర్చుకున్నాను."

భ్రమరాంబ కొంగుతో ముఖం తుడుచుకుని, "ఒక్కసారి నువ్వు పాడతావా, తమ్ముడూ? అమ్మలాగా" అని అడిగింది.

శాస్త్రిగారు తంబురా తన ఒళ్లోకి తీసుకుని శిష్యుడికి శ్రుతి వేశారు. చయనులు మొదలుపెట్టాడు. చరణం దగ్గరపడుతున్న కొద్దీ, ఎక్కడ సరిగ్గా పాడేస్తానో అని అతని గొంతు వణికింది.