నాంచారమ్మ ఆగిన చోట

భూషణం మాస్టారిని ఏదన్నా అడిగితే అప్పటికప్పుడు జవాబు రాదు. "చూద్దాం" అంటారు, కండువా దులిపి భుజాన వేసుకుంటారు, అంతే. అడిగినవాళ్ళు కాలు కాలిన పిల్లిలా తిరగాల్సిందే. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్ళు ఈ అలవాటు మీద ఎన్ని విసుర్లు విసిరినా, ఆ "చూద్దాం" తర్వాత తాము ఏం చూశారో మరిచిపోయినవాళ్ళు మాత్రం లేరు.

ఏటా వేసవిలో మాస్టారు తన పరిశోధక విద్యార్థులను కొండమీది ఒక పాత బంగళాకు తీసుకెళ్ళేవారు. నాలుగైదు రోజులు అందరూ ఒక్కచోట కూర్చుని, ఎవరి పరిశోధన ఎంతవరకు వచ్చిందో మిగతావాళ్ళ ముందు పెట్టాలి. అయితే రాసుకొచ్చిన అధ్యాయం చదవడానికి వీల్లేదు. ఊళ్ళు తిరిగి, మనుషులతో మాట్లాడి రికార్డు చేసుకొచ్చినదాంట్లో ఒక ముక్క అందరికీ వినిపించాలి. దగ్గులూ, కుక్కల అరుపులూ, మధ్యలో ఉప్పు అప్పడిగిన పక్కింటావిడ గొంతూ, ఏదీ కత్తిరించకూడదు. "రాసేటప్పుడు అందరూ తెలివైనవాళ్ళే. వినేటప్పుడు ఎలా ఉన్నారో చూద్దాం" అనేవారు మాస్టారు. పిల్లలకు అదొక గండం. తమ గొంతు తాము వినలేక తలలు వంచుకుని కూర్చునేవారు.

ఆ ఏడు వచ్చినవాళ్ళలో వాహిని అనే అమ్మాయి ఉంది. ఎప్పుడో వచ్చిన ఉప్పెనలో బతికి బయటపడ్డ తీరప్రాంతపు ముసలమ్మల మీద ఆమె పరిశోధన. కష్టపడే పిల్ల. ఎండనక వాననక తిరిగింది. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఒకే వరసలో అడగడానికి ప్రశ్నలన్నీ ముందే తయారుచేసుకుంది. ఒక్క ప్రశ్న తప్పినా మార్కులు పోతాయన్నంత శ్రద్ధ.

వచ్చిన రోజు సాయంత్రమే మాస్టారి దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"మాస్టారూ, నాంచారమ్మగారు పోయారండి. నేను మాట్లాడినవాళ్ళలో అందరికన్నా పెద్దావిడ. ఉప్పెనలో ఆవిడ కూతురు కొట్టుకుపోయింది. ఆ రాత్రి సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. వాళ్ళబ్బాయి గంగరాజుగారు ఫోన్ చేసి, 'మా అమ్మ మీతో అంతసేపు మాట్లాడింది గదమ్మా, చెల్లి సంగతేమన్నా చెప్పిందా?' అని అడిగారు. ఆదివారం చెప్తానన్నాను. నాకూ చెప్పలేదండి. ఎంతసేపు చూశానో, ఆవిడ నోరు విప్పలేదు." కాసేపు తటపటాయించి మళ్ళీ అంది. "'మీ చెల్లికి బాధ తెలియలేదట' అని ఒక్క మాట అనేస్తే ఆయన మనసు కుదుటపడుతుంది. అనేయనా? తప్పంటారా?"

"చూద్దాం" అన్నారు మాస్టారు. కండువా దులిపి భుజాన వేసుకున్నారు.

ఆదివారం పొద్దున్న అందరూ వరండాలో చాపల మీద చేరారు. వాహిని వంతు వచ్చింది. ఆమె వేరే ఊరి రికార్డు తెచ్చుకుంది గానీ, మాస్టారు "నాంచారమ్మగారిది పెట్టమ్మా, ఉప్పెన రాత్రి దగ్గర్నించి" అన్నారు.

పెట్టింది. ముందు కోడి అరుపు, గిన్నెల చప్పుడు. తర్వాత నాంచారమ్మ గొంతు. చనిపోయిన మనిషి గొంతు అలా ఉన్నట్టుండి పక్కనే కూర్చున్నట్టు వినిపించేసరికి అందరూ సర్దుకుని కూర్చున్నారు.

"మా ఆయన పొరుగూరు పోయాడు. నేనూ పిల్లలిద్దరూ. నీళ్ళు నడుం దాకా వచ్చేసినియ్యి. ఈ చేత్తో ఆడపిల్లని పట్టుకున్నా. ఈ చేత్తో పిల్లోణ్ణి పట్టుకున్నా. అప్పుడిక..."

ఆగింది. వెంటనే వాహిని గొంతు వినపడింది, చక్కగా, స్పష్టంగా.

"ప్రభుత్వ సాయం మీ ఊరికి ఎప్పుడు అందిందమ్మా?"

"అదా... వారం పోయినాక బియ్యం ఇచ్చారమ్మా" అని ముసలావిడ బుద్ధిగా జవాబు చెప్పింది.

వాహిని ముఖంలో కత్తివాటుకు నెత్తుటిచుక్క లేదు. వెనక్కి జరిపి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అంతే. గుటక వేసేంత వ్యవధి కూడా లేదు. ఆవిడ నోరు విప్పలేదని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకుంది. టైపు చేసిన కాగితంలో అక్కడ మూడు చుక్కలు పెట్టింది. రోజూ ఆ చుక్కలు చూసీ చూసీ, తాను ఎంతోసేపు ఎదురుచూశానని తనే నమ్మేసింది. అసలు జరిగింది ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ ముసలావిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాపం, ఎందుకు ఏడిపించడం, మాట మళ్ళిద్దాం అనుకుంది. తర్వాతి ప్రశ్న ఎలాగూ నాలుక మీదే ఉంది.

తోటి విద్యార్థుల్లో ఎప్పుడూ ఎవరినో ఒకరిని ఆటపట్టించే శ్రీకర్ కూడా చాప అంచు పీకుతూ కూర్చున్నాడు. మాస్టారు తిట్టినా బాగుండునని వాహినికి అనిపించింది. తల్లి చెప్పబోయిన మాట, ఆ కొడుకు ఇక ఎవరి దగ్గరా వినలేని మాట, తన చేతులారా తనే పోగొట్టింది.

లేచి వరండా చివరికి వెళ్ళింది. ఆ కొండమీద ఫోన్ పలికేది అక్కడొక్కచోటే.

"గంగరాజుగారూ, నేను వాహినినండి. మీ అమ్మగారు చెప్పబోయారు. నేనే అడ్డొచ్చి వేరే ప్రశ్న వేశాను. ఆ తర్వాత ఆవిడ ఆ మాట ఎత్తలేదు. తప్పు నాదేనండి."

అవతల చప్పుడు లేదు. దూరంగా ఏదో ఆటో వెళ్ళిన శబ్దం. 'మీ చెల్లికి బాధ తెలియలేదట' అన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. పళ్ళ బిగువున ఆపుకుంది. ఆ నిశ్శబ్దం ఆమె వల్ల కాలేదు, అయినా అలాగే నిలబడింది. చాలాసేపటికి అతని గొంతు వచ్చింది.

"ఆ రాత్రి తాడిచెట్టు దగ్గర అమ్మ నన్ను పట్టుకునుందమ్మా. రెండు చేతులూ నా నడుం చుట్టూ ఉన్నయ్యి. రెండూ. అది నాకు బాగా గుర్తు. మరి చెల్లిని... ఆ మాటే అడుగుదామని ఇన్నేళ్ళూ అనుకున్నా. అమ్మ బతికుండగా నాకు నోరు రాలేదు."

తర్వాత ఆ పెద్ద మనిషి ఏడుపు. పసిపిల్లాడిలా, వెక్కి వెక్కి.

వాహిని ఫోనుకు అరచెయ్యి అడ్డంపెట్టి వెనక్కి తిరిగింది. మాస్టారు ఎప్పుడొచ్చారో, స్తంభం పక్కన నిలబడి ఉన్నారు.

"ఏడుస్తున్నాడు మాస్టారూ. నేనేం చెప్పను?"

"ఫోన్ పెట్టేశాడా?"

"లేదండి."

"మరి ఇటు తిరిగావేమ్మా?" అన్నారు మాస్టారు.