విభావరి మరిచిపోయిన రవ్వముద్ద

విభావరి సెలవు తీసుకోవడానికి వచ్చింది. చేతిలో అరటిపళ్లు, తమలపాకులు. మొహంలో ఏడుపు.

విజయనగరంలో పైడయ్య మాస్టారి దగ్గర మృదంగం నేర్చుకునే పిల్లల్లో బాగా చెయ్యి తిరిగింది ఆ అమ్మాయికే. ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. వచ్చే నెల దసరా కచేరీలో మొదటిసారి వేదిక ఎక్కాలి. అలాంటి పిల్ల నాలుగు రోజులుగా పాఠానికి రాలేదు. ఇప్పుడొచ్చి, గుమ్మంలోనే నిలబడి, "ఇక నేర్చుకోను మాస్టారూ" అంది.

మాస్టారు ఆమె మొహంకేసి కాకుండా పళ్లకేసి చూశారు.

"చేరేటప్పుడు తెచ్చేవి మానేసేటప్పుడు తెచ్చావేటమ్మా? సర్లే, పళ్లేం పాపం చేశాయి. లోపల ఇచ్చిరా."

ఇచ్చి వచ్చాక ఆయన గోడవారగా ఉన్న మృదంగాన్ని చూపించారు. "మానేద్దువుగాని. ముందు నీ ముద్ద తీసి వెళ్లు."

మృదంగానికి కుడివైపు మూత మీద గుండ్రంగా నల్లటి మచ్చ ఒకటి ఉంటుంది. అది మృదంగం చేసినవాళ్లు మెత్తి, రాయితో నున్నగా రుద్ది పంపేది. వాయించేవాళ్లు దాని జోలికి పోరు. ఎడమవైపు సంగతి వేరు. అక్కడ వాయించే ముందు రవ్వ తడిపి, ముద్ద చేసి, తోలు మధ్యలో అతికించాలి. అది ఉంటేనే నాదం గంభీరంగా వస్తుంది. వాయించడం అయిపోగానే దాన్ని తీసెయ్యాలి. వదిలేస్తే ఎండి, బిగుసుకుపోయి, నాదాన్నీ తోలునీ రెండింటినీ పాడుచేస్తుంది.

ఎవరు పెట్టిన ముద్ద వాళ్లే తియ్యాలన్నది ఆ ఇంటి పద్ధతి. కలెక్టరుగారి అబ్బాయైనా సరే, గోళ్లలో రవ్వ ఇరుక్కోవాల్సిందే. విభావరి కిందటిసారి పాఠం మధ్యలో కంగారుపడి లేచి వెళ్లిపోయింది. ముద్ద అలాగే ఉండిపోయింది. మాస్టారు దాన్ని ముట్టుకోలేదు, ఇంకొకర్ని ముట్టుకోనివ్వలేదు.

ఆమె మృదంగం ముందు కూర్చుని ఎడమచేత్తో ఒక దెబ్బ వేసింది. చెక్కపెట్టె మీద కొట్టినట్టు మొద్దుగా మోగింది.

"అయ్యో! పాడైపోయింది. నేను ముట్టుకున్నదల్లా ఇలాగే అవుతుంది."

గబగబా గోళ్లతో పీకడం మొదలుపెట్టింది. ముద్ద రాలేదుగానీ గోరు విరిగింది.

"ఆగాగు! అలా పీకితే తోలు చిరుగుతాది" అన్నారు మాస్టారు. తడిగుడ్డ తెచ్చి ముద్ద మీద పరిచారు. "నాననీ. అంతవరకు మనకి పనేం లేదు. ఎందుకు మానేస్తన్నావో చెప్పు."

తడిగుడ్డను చూస్తూ చెప్పడం ఆమెకి మనిషిని చూస్తూ చెప్పడం కంటే సులువైంది.

"మా శేషు బాబాయికి నా వయసులోనే మొదలైందట మాస్టారూ. కాలేజీ మానేసి, గది తలుపేసుకుని కూర్చునేవాడట. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదట. మా నాయనమ్మకీ అలాగే ఉండేదట. ఇప్పుడు నాకూ నిద్రపట్టడం లేదు. గుండె దడదడలాడుతోంది. క్లాసులో ఎవరు నవ్వినా నన్ను చూసే నవ్వారనిపిస్తుంది. ఒక పూట అన్నం సయించకపోతే, ఇదిగో మొదలైపోయింది అనుకుంటాను. అది నా రక్తంలోనే ఉంది. వేదిక మీద కూర్చున్నాక అందరి ముందూ బయటపడితే? అంతకంటే ఇప్పుడే మానెయ్యడం నయం."

"డాక్టరుకి చూపించారేటి?"

"అమ్మా నాన్నా తీసుకెళ్లారు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని డాక్టరమ్మ అడిగింది. వాళ్లిద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అప్పుడే నాకు అర్థమైపోయింది."

"నీకు అర్థమైంది సరే. డాక్టరమ్మకి ఏటర్థమైందట?"

విభావరి కాసేపు గుర్తుచేసుకోవాల్సి వచ్చింది.

"కొంత పుట్టుకతో వస్తుంది, అదొక్కటే కాదు అంది. ఏది జరిగినా చెడే జరుగుతుందనుకోవడం నీకు అలవాటైపోయింది, ఆ అలవాటు మార్చుకోవడం నేర్పిస్తాను, వారం వారం రా అంది."

"వెళ్తన్నావా?"

"ఒకసారి వెళ్లాను."

"మానకు. ఇంత మంచి మాట కడుపులో పెట్టుకుని, అడిగితేగానీ చెప్పవేటమ్మా?"

విభావరి కావాలని దాచిపెట్టిందేం కాదు. ఆ మాట విన్నప్పుడు సగం చెవితోనే విన్నదని ఇప్పుడే తెలిసింది.

వంటింట్లోంచి సత్యవతమ్మగారు, అంటే మాస్టారి భార్య, రవ్వ డబ్బా తెచ్చి ఆయన పక్కన ఠక్కున పెట్టింది. "ఈ ఇంట్లో మనుషులకంటే మద్దెలలే ఎక్కువ ఉప్మా తింటన్నాయి" అని ఎవరికీ కాకుండా అనేసి వెళ్లిపోయింది. మాస్టారు విననట్టే ఊరుకున్నారు. ఈ విషయంలో ఆయన అభ్యాసం కచేరీ అభ్యాసం కంటే పాతది.

"మీ శేషు బాబాయి ఇప్పుడెక్కడున్నాడు?" అని అడిగారు.

విభావరి తలెత్తింది. బాబాయికి ఏం వచ్చిందని అడిగేవాళ్లేగానీ, బాబాయి ఎలా ఉన్నాడని అడిగినవాళ్లు లేరు.

"పార్వతీపురంలో. బళ్లో లెక్కలు చెప్తాడు. మందులు వాడతాడు."

"పెళ్లయిందేటి?"

"అయింది. మా పిన్ని చాలా గడుగ్గాయి. ఇద్దరు పిల్లలు. పెద్దదానికి సైకిల్ నేర్పిస్తున్నాడు. అది పడకుండానే ఈయన ముందు పడిపోయి మోకాలు చీరుకున్నాడు." చెబుతూ చెబుతూ ఆమె కొంచెం నవ్వింది. నవ్వినట్టు తనకే తెలియదు.

"బావుంది. ఇంతకీ ఇతను ఏ బాబాయి?"

"అదేమిటి మాస్టారూ, శేషు బాబాయే."

"గది తలుపేసుకున్నాయన?"

"ఆయనే."

"ఆహా. ఇద్దరనుకున్నాన్లే" అన్నారు మాస్టారు. గుడ్డ ఎత్తి చూసి, "నానింది. ఇప్పుడు తియ్యి" అన్నారు.

విభావరి గుడ్డ తీసి పక్కన పెట్టింది. తర్వాత కళ్లు తుడుచుకుని, వేలి కొసతో ముద్ద అంచు పట్టుకుంది. ఇందాక గోరు విరగ్గొట్టిన ముద్ద ఇప్పుడు పెరుగుమీది మీగడలా లేచొచ్చింది. తోలు మీద మిగిలిన పలుకుల్ని తడి వేలితో ఒక్కొక్కటే తీసింది. తోలుకి ఏమీ కాలేదు.

కొత్త రవ్వ తడిపింది. అరచేతిలో వేసి మెత్తగా పిసికి, ఎడమ మూత మధ్యలో అద్ది, నీటి చేత్తో చుట్టూ నున్నగా సర్దింది. ఒక దెబ్బ వేసింది. కొంచెం ఎక్కువైనట్టుంది, నాదం బరువుగా వచ్చింది. చిటికెడు తీసేసింది. మళ్లీ వేసింది.

ఈసారి నాదం గుమ్మని లేచి గదంతా నిండింది. కింద చాపలోంచి ఆమె మోకాళ్లకి కూడా తెలిసింది. నాలుగు రోజులుగా గుండెల మీద కూర్చున్న బరువేదో లేచి పక్కకి జరిగినట్టు ఊపిరి పెద్దగా వచ్చింది. ఎంత హాయిగా ఉందంటే, కాసేపు ఆ ఒక్క దెబ్బే మళ్లీ మళ్లీ వేసుకుంటూ కూర్చుంది.

"రేపు మళ్లీ ఎండుతుంది కదా మాస్టారూ?"

"ఎండుతాది. రేపు మళ్లీ తడుపుతావు."

ఆమె కుడివైపు తిప్పి, నల్లటి మచ్చ మీద చెయ్యి వేసింది. "ఇది మాత్రం ఇలాగే ఉండిపోతుంది."

"ఉంటాది. అది లేకపోతే కుడివైపు పలకదు కూడాను. రెండు చేతులూ వెయ్యి."

ఆదితాళంలో మొదలుపెట్టింది. మొదట మెల్లగా, తర్వాత రెట్టింపు వేగంతో రెండో కాలంలో. మాస్టారు తొడ మీద తాళం వేస్తూ కళ్లు మూసుకున్నారు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ముగింపు తీర్మానం సరిగ్గా తాళం మొదటి దెబ్బకి, సమానికి, వచ్చి పడింది.

ఆమె చేతులు ఆగాయి. అడగాల్సింది ఇంకొక్కటి మిగిలింది. దాన్ని అడగడానికి ఇందాకటి కంటే తక్కువ భయమేసింది, అయినా భయమేసింది.

"ఒకవేళ... నిజంగానే నాకూ వస్తే?"

ఏం కాదని ఆయన అనలేదు. వస్తుందనీ అనలేదు. తాళం వేసిన చెయ్యి తొడ మీదే ఉంచి ఆమెకేసి చూశారు.

"వస్తే, బయటికొచ్చే దారి తెలిసినోడు మీ ఇంట్లోనే ఉన్నాడు కదమ్మా. అడుగుదాం."