గోటి కింద నల్ల చార

స్వర్ణముఖి ఒడ్డున ఒక ఊళ్ళో చెంగల్రాయుడు అనే కలంకారీ పనివాడు ఉండేవాడు. అతని చెయ్యి ఎంత మంచిదో, తన కంటికి కనిపించనిది లోకంలో లేదన్న మొండితనం అంత గట్టిది. గుడ్డను ఎండలో ఒక్కసారి ఎత్తి చూసి, రంగు నిలవడానికి నానబెట్టిన పాలు సరిగ్గా పట్టలేదనో, కరక్కాయ తక్కువైందనో చెప్పేసేవాడు. అతను చెప్పింది నిజమయ్యేది కూడా. నిజమైన ప్రతిసారీ అతని మీసం కాస్త పైకి లేచేది. అలా పొగడ్తలు వినీ వినీ, ఎవరైనా ఎదురు మాట చెబితే అది అతని చెవికెక్కేది కాదు.

అతను తీసే నల్లరంగుకు చుట్టుపక్కల మంచి పేరుండేది. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్ళలో పులియబెట్టి ఆ రంగు తీసేవాడు. వెదురుపుల్లకు గుడ్డ చుట్టి చేసిన కలాన్ని రంగులో ముంచి, బొటనవేలితో నొక్కుతూ గీస్తుంటే, రంగు కారి గోళ్ళలోకి ఇంకేది. ఆ పని చేసేవాళ్ళందరి గోళ్ళూ నల్లగానే ఉండేవి. అందుకే కుడి బొటనవేలి గోటి కింద ఒక నల్లటి చార కనిపించినప్పుడు చెంగల్రాయుడు దాన్ని అసలు పట్టించుకోలేదు.

ఆ ఏడు వానలు విడవకుండా పట్టాయి. గుడ్డ ఆరే దారి లేక పని ఆగిపోయింది. ఖాళీగా కూర్చున్న పనివాళ్ళ గోళ్ళు పెరిగాయి, పాత నలుపు కత్తిరింపుల్లో పోయింది. చెంగల్రాయుడి చార మాత్రం పోలేదు సరికదా, ఇంకాస్త వెడల్పయింది. అతని భార్య సుగుణ చింతపండు పెట్టి తోమింది, నిమ్మచెక్కతో రుద్దింది. ఏం చేసినా పోకపోయేసరికి ఆమెకు లోపల దిగులు పట్టుకుంది. ఇది రంగు కాదేమో, ఒకసారి ఆసుపత్రిలో చూపించుకుందామని అడిగింది.

చెంగల్రాయుడు నవ్వాడు. పనివాళ్ళందరినీ పిలిచి బొటనవేలు ఎత్తి చూపించాడు.

"చూడండిరా, నేను తీసిన రంగంటే ఇదీ. మీ గోళ్ళలోది వానకే పోయింది. నాది చింతపండుకు కూడా పోలేదు," అన్నాడు.

పనివాళ్ళు ఔనౌనన్నారు. కూలి ఇచ్చే మనిషిని కాదనడం ఎవరికి మాత్రం కుదురుతుంది? సుగుణ ఒక్కతే ఊరుకోలేక ఇంకో రెండుమార్లు గుర్తుచేసింది. అతను విసుక్కున్నాడు. ఈలోగా చార గోటి మొదట్లోని చర్మం మీదికి పాకింది. వేసవి వచ్చేసరికి గోరు చీలి నెత్తురు కారడం మొదలైంది. కలం పట్టుకోవడం కష్టమయ్యాక గానీ అతను తిరుపతి బస్సు ఎక్కలేదు.

అక్కడ ఒక ఆసుపత్రిలో నస్రీన్ అనే డాక్టరు గోటి కింది నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. చర్మానికి వచ్చే క్యాన్సరని తేలింది. మనవాళ్ళలో ఈ రకం అరికాళ్ళలోనూ గోళ్ళ కిందా వస్తుందని, మరకో దెబ్బో అనుకుని చాలామంది ఆలస్యం చేస్తారని ఆమె చెప్పింది. వేలు పై కణుపు వరకూ తీసేయాల్సి వచ్చింది. మొదట్లోనే వచ్చి ఉంటే వేలు దక్కేదేమో అని డాక్టరు అన్నప్పుడు సుగుణ కళ్ళొత్తుకుంది. చెంగల్రాయుడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. రంగు రంగంటూ తాను పదిమందికీ చూపించుకున్నది దేన్నో తలచుకుంటే అతనికి సిగ్గుగానూ భయంగానూ ఉంది.

తీసిన ముక్కలో ఒక జన్యువు మారిపోయి ఉందని కూడా పరీక్షలో తెలిసింది. అంటే ఏమిటో డాక్టరు ఓపిగ్గా వివరించింది. మన ఒంట్లోని ప్రతి కణంలోనూ అది ఎలా నడుచుకోవాలో చెప్పే రాత ఒకటి ఉంటుంది. జబ్బు కణాల్లో ఆ రాత ఒకచోట తప్పింది. ఆ తప్పే ఈ జబ్బుకు ఆనవాలు. ఒంట్లో ఎక్కడైనా జబ్బు మిగిలి ఉంటే, ఆ తప్పు రాత తునకలు నెత్తురులో కలుస్తాయి. అందుకని కొన్ని నెలలకోసారి వచ్చి నెత్తురు ఇచ్చి వెళ్ళమంది. ఆ పరీక్ష ప్రతిసారీ అన్నిటినీ పట్టుకుంటుందని హామీ ఇవ్వలేను గానీ, కంటికి తెలిసేలోపే అది చెప్పే అవకాశం ఉందని అంది.

గాయం మానింది. చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య కలం బిగించి గీయడం చెంగల్రాయుడు మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాడు. తొలిరోజుల్లో గీత వణికింది, మెల్లగా కుదురుకుంది. పరీక్షకు పిలిచినప్పుడు వెళ్ళి నెత్తురు ఇచ్చివచ్చాడు. ఏమీ లేదన్నారు. ఆ మాటతో పాత మొండితనం మళ్ళీ తలెత్తింది. అదే సమయానికి ఒక కల్యాణ మండపంవాళ్ళు గోడంత పెద్ద గుడ్డ రాయమని అడిగారు. వేలు పోయాక వచ్చిన మొదటి పెద్ద పని అది. తన చెయ్యి ఇంకా చచ్చిపోలేదని లోకానికి చూపించాలని అతనికి ఆత్రం. మరో పరీక్షకు రమ్మని ఆసుపత్రినుంచి ఫోను వస్తే, తర్వాత చూద్దామన్నాడు. మళ్ళీ ఫోను వస్తే అదీ దాటవేశాడు.

సుగుణ బతిమాలితే చెయ్యి చాపి చూపించాడు. మచ్చ లేదు, వాపు లేదు, లేనిదాన్ని వెతకడానికి బస్సెక్కడం ఎందుకన్నాడు.

గుడ్డ మీద నల్లగీతలు పూర్తయ్యాయి. ఎరుపు రావాల్సిన చోట్లన్నీ చెంగల్రాయుడు పటికనీళ్ళతో రాశాడు. పటికనీళ్ళు ఆరిపోతే గుడ్డ మీద ఏమీ కనిపించదు. ఏట్లో జాడించి, ఎర్రరంగునిచ్చే చెట్టు వేళ్ళు వేసిన కాగులో ఉడికిస్తే, పటిక తగిలిన చోటే ఎరుపు పట్టి బయటపడుతుంది. ఆ ఉడికించే పని ఎప్పుడూ సుగుణది. ఆ రోజు ఆమె పొయ్యి ముట్టించలేదు. గుడ్డను చక్కగా మడతపెట్టి తెచ్చి భర్త ముందు పెట్టింది.

"ఇది తీసకపోయి మండపమోళ్ళకు ఇచ్చేయ్ మామా."

"ఉడకేయకుండానా? ఎరుపు రావద్దా?"

"ఎరుపు ఎక్కడుండాది? నేను ఎండలో ఎత్తి చూసినా. నాకేమీ కనపడలా."

"పటిక రాసినా కదా. కాగులో పడితేనే కదా తెలిసేది."

"నీ నెత్తురు సంగతీ అంతేనని ఆ డాక్టరమ్మ చెప్పలేదా? గుడ్డకైతే నమ్ముతావు, నీ ఒంటికి నమ్మవు. నువ్వు తిరపతికి పోయొచ్చినాకే నేను పొయ్యి ముట్టిస్తా," అంది సుగుణ. గుడ్డ పక్కనే చతికిలబడింది.

చెంగల్రాయుడు మడతపెట్టిన గుడ్డ వైపు చూశాడు. ఇన్నేళ్ళూ కనిపించని గీతను నమ్మే కూడు తిన్నాడు. అది అతనికి ఇప్పటిదాకా తట్టనే లేదు. చొక్కా వేసుకుని ఆ మధ్యాహ్నమే బయలుదేరాడు.

నెత్తురులో ఆనవాలు కనిపించింది. వెంటనే స్కానింగు తీశారు. చంకలో, చేత్తో తడిమినా దొరకనంత చిన్న గడ్డ బయటపడింది. దాన్ని తీసేసి, మారిన జన్యువేదో ముందే తెలుసు గనుక దానికి సరిపోయే మాత్రలు మొదలుపెట్టారు. డాక్టరు అతన్ని తిట్టలేదు.

"పిలిచినప్పుడే రావాల్సింది. ఇంకా ఆలస్యం చేసి ఉంటే మాత్రం ఈ మాట వినడానికి మీరు నా ఎదుట ఉండేవారు కాదు," అంది.

చెంగల్రాయుడు ఇంటికి వచ్చాక సుగుణ పొయ్యి ముట్టించింది, మండపం గుడ్డ మీద ఎరుపు బయటపడింది. అతను బతికాడు. కాని చంకలో కోసినవైపు చెయ్యి వాచి బరువెక్కి, ఎక్కువసేపు ఎత్తి ఉంచలేకపోయేవాడు. గోడంత గుడ్డలు ఇక అతనివల్ల కాలేదు. ఆ బాధ అతనికి ఎప్పుడూ పూర్తిగా తీరలేదు, దాన్ని ఎవరి దగ్గరా దాచుకోలేదు కూడా. చిన్న గుడ్డలు రాసుకుంటూ, పిలిచినప్పుడల్లా పరీక్షకు వెళ్ళివచ్చేవాడు. ఏ పనివాడి గోటిలోనైనా చార ఎన్నాళ్ళకూ పోకపోతే, తానే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు. ఇది ఉత్త రంగే అయ్యా అని వాళ్ళు గొణిగితే ఒకటే చెప్పేవాడు.

"రంగే కావచ్చు. కానీ ఆ మాట నువ్వూ నేనూ చెప్పకూడదు, పరీక్ష చెప్పాల."

తన కంటికి కనిపించలేదు గనుక లేదనుకోవడం గర్వం. ఎంతటి నేర్పరి అయినా తన నేర్పు చాలని చోట పరీక్షకు తలవంచాలి.