ఇంగువ డబ్బాలో సవరను

వెల సంగతి మాట్లాడనని, ఎవరింట ఏ నాణెం ఉన్నదో చెప్పనని పరాంకుశాచార్యులవారు ముందే చెప్పేవారు. అందుకు ఒప్పుకున్నవారే ఆదివారం ఉదయం రాజమహేంద్రవరంలోని ఆయన వసారాలో చాపమీద కూర్చునేవారు. చరిత్ర బోధించి విరమించిన ఆ పెద్దాయన దగ్గర పాత నాణేలు చదవడం నేర్చుకునేవారు. శిష్యుడు తెచ్చిన నాణేన్ని ఆయన అంచులు పట్టుకొని, కిటికీ వెలుగులో ఒకసారి వాల్చి చూసి, మాట లేకుండా తిరిగి ఇచ్చేసేవారు. ఏటా విజయదశమినాడు మాత్రం ఒక్క నాణేన్ని ఎంచి, పట్టుగుడ్డమీద పెట్టి, నవ్వుముఖంతో అందరికీ చూపేవారు. ఆ గుడ్డమీదికి తన నాణెం ఎక్కాలని కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పే నరహరికి ఏళ్లనాటి కోరిక.

ఆచార్యులవారికి ప్రాణమైనవి తమంత తాముగా రంగు తిరిగిన బంగారు నాణేలని అతనికి తెలుసు. తోమకుండా, తుడవకుండా వదిలేసిన పాత సవరనుకు కాలం గడిచేకొద్దీ అంచున ఎరుపు పుట్టి, మెల్లగా లోపలికి పాకుతుంది. అటువంటిది నరహరికి ఎక్కడా దొరకలేదు. దొరకనివాడికి తర్కం పుట్టింది.

"గురువుగారూ, బంగారంలో కలిసిన రాగికి గంధకం తగిలితే ఆ ఎరుపు వస్తుంది. గాలి తగిలించినా గంధకమే, నేను తగిలించినా గంధకమే. మరి ఒకటి సహజమూ, ఇంకొకటి కల్తీ ఎట్లా అవుతాయి?"

"వచ్చే ఆదివారం భ్రమరాంబగారు పులిహోరకు పిలిచారు. నువ్వూ రా," అన్నారు ఆచార్యులవారు.

భ్రమరాంబగారు వీధి చివరి ఇంటి ముసలావిడ. అతిథులు వచ్చేసరికి పోపు పెట్టబోతూ ఉన్నది. ముద్ద ఇంగువ కోసం రేకు డబ్బా మూత తీసి, అందులోంచి ఒక సవరనును తీసి గట్టుమీద పెట్టి, తన పని తాను చేసుకుపోయింది. నరహరి దానిని చూసి నోరు తెరిచాడు. అంచున దానిమ్మగింజ ఎరుపు, నడుమ నారింజ, అక్షరాల సందుల్లో వంకాయరంగు.

"ఇది ఇందులో ఎందుకున్నదమ్మా?"

"అత్తగారు నా చేతిలో పెట్టిన సవరను నాయనా. మా వారికి పేకాట ప్రాణం, ఇంగువ వాసన గిట్టదు. ఇంట్లో ఉన్న నగలన్నీ ఆయన చేతికి దొరికాయి, ఇదొక్కటే దొరకలేదు. అంతా ఆయన ముక్కు చేసిన పుణ్యం!"

"ఆయన పోయాకనైనా తీయలేదా?"

"తీయాలన్న ధ్యాస ఎక్కడిది? పోపు వేళ చేతికి తగులుతుంది. పక్కన పెడతాను, మళ్లీ వేసేస్తాను."

ఆచార్యులవారు ఆ సవరనును వెలుగులో వాల్చి చూసి నవ్వారు. నరహరి పులిహోర రుచి ఎరగలేదు. ఆ నవ్వునే చూస్తూ తిన్నాడు.

ఇంగువ ఘాటంతా గంధకానిదేనని అతనికి తెలుసు. ఆ సాయంత్రమే కొట్టుకు వెళ్లి ముద్ద ఇంగువ కొని, తన సవరనును అందులో పూడ్చి, డబ్బాను రోజూ ఎండలో పెట్టసాగాడు. "పప్పులోకి చిటికెడు వేస్తే ముక్కు మూసుకుంటారు. సవరనుకు మాత్రం ముద్ద ముద్దంతానా?" అని భార్య వేదవతి దెప్పింది. శాస్త్రం అతన్ని మోసగించలేదు. దసరా నాటికి సవరను సంధ్యాకాశంలా ఎర్రబారింది.

విజయదశమినాడు వసారా నిండింది. భ్రమరాంబగారు కూడా వచ్చి ముందు వరుసలో కూర్చున్నది. నరహరి నాణేన్ని గురువుగారి చేతిలో పెట్టాడు. ఆచార్యులవారు దానిని ఎన్నడూ లేనంతసేపు అటూ ఇటూ వాల్చి చూశారు. ఇంతలో భ్రమరాంబగారు తల ఎత్తి గాలి పీల్చింది.

"మంచి ఇంగువ నాయనా! ఏ కొట్టులో కొన్నావు?"

వసారా అంతా ఘొల్లుమన్నది. నరహరి చెవులు సవరనుకన్నా ఎర్రబడ్డాయి. ఒక క్షణం తల వంచుకొని, మరుక్షణం ఆపుకోలేక తానూ నవ్వేశాడు. అప్పుడు ఆచార్యులవారు కూడా నవ్వారు. ఆయన గొంతు ఎత్తి నవ్వగా శిష్యులు వినడం అదే మొదలు.

"ఆవిడ దాచింది నాణేన్ని," అన్నారు, సవరనును నరహరి అరచేతిలో పెట్టి వేళ్లు మూస్తూ. "నువ్వు దాచింది రంగును."

పట్టుగుడ్డ ఆ ఏడు ఖాళీగానే మడతపడింది. అయినా నరహరి ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్లాడు. కానీ శాస్త్రజ్ఞుడు కదా, వారం తిరగకుండా ఉత్తరం రాశాడు: "గురువుగారికి నమస్కారములు. ఇదే సవరనును ఇదే ఇంగువలో ఇంకెన్నేళ్లు ఉంచితే దాని రంగు సహజమవుతుందో సెలవియ్యగలరు."

ఆచార్యులవారు దానికి జవాబు రాయలేదు. నెలలు గడిచాక ఒక శిష్యుడు కారణం అడిగితే, చూస్తున్న నాణెం మీదినుంచి చూపు ఎత్తకుండానే చెప్పారు.

"సవరను సంగతీ, అడిగిన సంగతీ అతను మరిచిపోవాలి గదా. దానికి వ్యవధి ఇస్తున్నాను."