ఇంట్లోంచి నడిపించిన ఆట

వెనకటికి ఒక రాజుగారి కోటలో తోలుబొమ్మలాట పెడితే గోలే. దండోరా చెప్పేది ఒకరోజు, ఆట చూడ్డానికి జనానికిచ్చే ప్రవేశపు బిళ్ళమీద ఉండేది ఇంకోరోజు. జనం వస్తే ఆట ఉండదు, ఆట ఉంటే జనం ఉండరు.

"తప్పంతా ఈ గురప్పదే. వీడి డప్పు లాగేయించండి ప్రభూ!" అన్నాడు ఉత్సవాధికారి విరూపాక్షయ్య.

దండోరా వేసే గురప్పకి ఒళ్ళు మండింది. "దొరా, నన్నూ, బిళ్ళలిచ్చే సోమన్ననీ, ఈ అధికారి అయ్యగారినీ ఆటకొకర్ని ఇంట్లో కూర్చోబెట్టి చూడండి. తర్వాత లాగేద్దురు."

రాజు సరేనన్నాడు. గురప్ప బదులు బావమరిది డప్పు కొట్టినా ఆట చెడింది. సోమన్న బదులు అతని పెళ్ళాం బిళ్ళలిచ్చినా చెడింది. అధికారి ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం, దండోరా వేశాక ఆట రోజు మార్చేవాడు లేక, కోట కిక్కిరిసింది.

"అదంతా ఇంట్లోంచి నేనే నడిపించాను!" అన్నాడు విరూపాక్షయ్య.

"ఎంత బాగా నడిపించారో చూశారా దొరా! ఇక అయ్యగార్ని అక్కడే ఉంచండి" అంటూ గురప్ప డప్పు భుజానికెత్తుకున్నాడు.