దీనమ్మ అర్జీ నడిచిన దారి

మా సాంబమూర్తి మాస్టారిని సందేహం అడిగామంటే పని నెత్తికెత్తుకున్నట్టే. తెలుగు పండితులుగా రిటైరయ్యాక ఆయన రోజూ పొద్దున లైబ్రరీ వరండాలో కూర్చుని, చదువు రానివాళ్లకు అర్జీలు రాసిపెట్టేవారు. పాత శిష్యులం నలుగురైదుగురం అక్కడే చేరేవాళ్లం. ఏదన్నా అడిగితే జవాబు చెప్పరు, ఫలానా చోటికి వెళ్లి చూసి రమ్మంటారు. నాకైతే ఒక్కోసారి ఒళ్లు మండేది. అయినా మర్నాడు మళ్లీ వెళ్లేవాణ్ణి.

మా మునిసిపల్ చైర్‌పర్సన్ సుభాషిణి కూడా ఆయన దగ్గర చదువుకున్నదే. ఒక సోమవారం ఆమె వచ్చి, చెప్పులు మెట్ల కింద విడిచి, ఆయనకెదురుగా బల్ల మీద కూర్చుంది. మునిసిపాలిటీలో మానవ హక్కులకు ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టాలని కౌన్సిల్లో తీర్మానం వచ్చిందట. బుధవారం దాని మీద ఓటింగు. అదంతా దండగ అని కమిషనర్ గారి అభిప్రాయం. ఈమెకు ఎటూ తేలడం లేదు.

“ప్రతి విభాగమూ తన పని సక్రమంగా చేస్తే, హక్కులకు వేరే గది ఎందుకు మాస్టారూ?” అని అడిగింది.

మాస్టారు సంచిలోంచి తన నోటుపుస్తకం తీశారు. రాసిపెట్టిన ప్రతి అర్జీకీ అందులో ఒక వరుస ఉంటుంది. ఒకచోట వేలుపెట్టి చూపించారు. దీనమ్మ అనే ఆవిడ నెల క్రితం రాయించుకున్న అర్జీ అది. ఆమె భర్త యేసుపాదం మునిసిపాలిటీలో కాంట్రాక్టు కార్మికుడు. మురుగు తోడే యంత్రం షెడ్డులో ఉండగానే, మేస్త్రీ గంగరాజు అతన్ని మాస్కు లేకుండా మ్యాన్‌హోల్లోకి దించుతున్నాడు. రెండుసార్లు స్పృహ తప్పితే పైకి లాగారు. మూడోసారి పైకి రాడేమోనని ఆమె భయం. ఆ అర్జీ ఇప్పుడెక్కడుందో స్వయంగా చూసి రమ్మన్నారు మాస్టారు. సుభాషిణికి తోడుగా నన్ను వెళ్లమన్నారు.

అర్జీ కోసం ఎక్కువ వెతకక్కర్లేకపోయింది. మా మునిసిపల్ ఆఫీసులో కాగితం పోవడం అనేది ఉండదు, అది మాత్రం ఒప్పుకోవాలి. తపాలా గుమాస్తా నుంచి కమిషనర్ గారికి, ఆయన నుంచి ప్రజారోగ్య విభాగానికి, అక్కణ్ణుంచి శానిటరీ ఇన్‌స్పెక్టరుకి వెళ్లింది. ‘విచారించి నివేదిక ఇవ్వవలెను’ అని రాసి ఇన్‌స్పెక్టరు దాన్ని గంగరాజుకు పంపాడు. ఎవరి మీద ఫిర్యాదో అతని చేతికే. ఆ వార్డుకు మేస్త్రీ అతనే మరి, ఇంకెవరికి పంపుతారని అడిగాడు గుమాస్తా. పాపం, అతను వెటకారంగా అనలేదు.

నివేదిక కూడా ఉంది. అలాంటిదేమీ జరగలేదని గంగరాజు రాశాడు. కింద దీనమ్మ వేలిముద్ర. ముద్ర వెయ్యకపోతే మీ ఆయనకు రేపట్నుంచి పని లేదని బెదిరించాడని మాకు తర్వాత తెలిసింది. దాని వెనకాలే పరిష్కారమైన అర్జీల జాబితా, ఆ జాబితా అడుగున చైర్‌పర్సన్ సంతకం. నాకు సుభాషిణి ముఖం చూడబుద్ధి కాలేదు.

యేసుపాదం ఎక్కడున్నాడని అడిగితే కూరగాయల మార్కెట్ దగ్గరని చెప్పారు. మేం వెళ్లేసరికి మూత తీసి ఉంది. నడుముకు తాడు కట్టుకుని అతను అప్పటికే ఛాతీ దాకా దిగాడు. గట్టున దీనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తాడు రెండో కొస తన చేతికి చుట్టుకుని కూర్చుంది. సుభాషిణి అతన్ని పైకి రమ్మంది. గంగరాజు చేత అప్పటికప్పుడే మూత వేయించింది, యంత్రం తెప్పించమంది. నాకు ప్రాణం లేచివచ్చింది. దీనమ్మ మాత్రం దగ్గరకొచ్చి, ఈ సంగతి తనే చెప్పిందని మేస్త్రీ అనుకోడు కదా అని మెల్లిగా అడిగింది.

యేసుపాదం చేతులు తుడుచుకుని సుభాషిణికి దణ్ణం పెట్టాడు.

“ఇయ్యాల మీరొచ్చారు కాబట్టి ఆగింది. రేపు మీరు మీటింగులో ఉంటారు గదమ్మా,” అన్నాడు.

ఇద్దరం లైబ్రరీకి తిరిగి వచ్చాం. మెట్లెక్కుతూనే సుభాషిణి, బుధవారం ఆ తీర్మానాన్ని తనే దగ్గరుండి నెగ్గిస్తానని మాస్టారితో చెప్పింది. ప్రత్యేకంగా గది ఇస్తుందట, ఒక ఆఫీసరునీ ఇద్దరు గుమాస్తాలనూ వేస్తుందట, హక్కుల అర్జీలకు రిజిస్టరే విడిగా పెట్టిస్తుందట. అంత చలించిన మనిషిని చూసి, ఇంక మాస్టారు ఆశీర్వదించి పంపుతారనే నేననుకున్నాను.

ఆయన కళ్లజోడు పంచె అంచుతో తుడుచుకుంటూ అంతా విన్నారు.

“ఆ ఆఫీసరు ఎవరి కింద పనిచేస్తాడు?” అని అడిగారు.

“కమిషనర్ గారి కిందే మాస్టారూ. అందరూ ఆయన కిందేగా. అర్జీలు కూడా ఆయన ద్వారానే కింది సెక్షన్లకు వెళ్తాయి, అది పద్ధతి.”

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని, ఒక తెల్ల కాగితం ముందుకు లాక్కుని, పెన్ను మూత తీశారు.

“అయితే కాస్త ఉండు తల్లీ. దీనమ్మ అర్జీ ఇంకో ప్రతి రాసిస్తాను, మళ్లీ ఆ దారినే పంపుదువుగాని.”